దినాల నాడు సంతకం పెట్టొద్దు

మా నాయన పోయిన పదకొండో రోజు. నేను వంటల దగ్గర గంగాళం తోముతున్నాను, మోచేతుల దాకా బూడిద. అన్న వచ్చి అంగీ జేబులోంచి మడతపెట్టిన స్టాంపు కాగితం తీశాడు. "భూమి పాస్‌బుక్ మార్పించాలె చెల్లె, అక్క పెట్టింది, నువ్వు కూడా పెట్టు" అన్నాడు. చేతులు కొంగుకు తుడుచుకొని పెట్టేశాను. నేనూ అక్కా వాటా వదులుకున్నట్టు అందులో రాసి ఉందని ఏడాది తర్వాత తెలిసింది. మా దేవరకొండ వైపు ఇది ఇప్పటికీ జరుగుతోంది. అందుకే నేను నేర్చుకున్నది చెబుతున్నాను.

దుఃఖంలో ఉన్నప్పుడు ఏ కాగితం మీదా సంతకం గానీ వేలిముద్ర గానీ వద్దు. గొడవ అక్కర్లేదు. "ఒక జిరాక్స్ ఇయ్యి అన్నా, చదివించుకొని చెప్తా" అంటే చాలు. ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఇప్పటికే పెట్టేశారా? అంతా పోయిందని కూర్చోకండి. భూమిలో హక్కు వదులుకునే పత్రం సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ కావాలి. మా కాగితం కాలేదు. మీది అయిందో లేదో ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే కాగితం) తీయించి చూడండి, ఆ తర్వాత కాగితం లాయర్‌కు చూపించండి.

"కట్నం పెట్టి పెళ్లి చేసినం కదా, ఇంకేం వాటా?" అంటారు. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారమే, తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన సొంతంగా కొన్న భూమిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమానం. నాయనమ్మ బతికుంటే ఆమెకూ ఒక వాటా. మా నాయన కొన్న బత్తాయి తోట 4 ఎకరాలు, అంటే 160 గుంటలు. అమ్మ, అన్న, తమ్ముడు, అక్క, నేను, అయిదుగురం. తలా 32 గుంటలు.

తాతల నాటి ఉమ్మడి ఆస్తి లెక్క వేరు. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని ఆడపిల్లలకు అందులో సమాన హక్కు ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చింది. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో పెళ్లయినవాళ్లకూ వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న చెప్పింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టర్ అయిన పంపకాలు కదలవు. తండాల్లో ఉండే లంబాడీ అక్కచెల్లెళ్లకు ఈ హిందూ చట్టం నేరుగా వర్తించదు, ముస్లింలకు వేరే చట్టం. మీరు ఆ వర్గాలవాళ్లైతే ముందే లాయర్‌ను అడగండి.

ఇక కాగితాలు. నాయన మరణ ధ్రువపత్రం, పాత పాస్‌బుక్ జిరాక్స్, పహాణీ (భూమి ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో చెప్పే రెవెన్యూ రికార్డు), ఈసీ, మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. ఈ చివరిదాన్ని కళ్లు పెట్టి చూడండి. పెళ్లై వెళ్లిపోయిన కూతుళ్ల పేర్లు చాలాసార్లు అక్కడే మాయమవుతాయి. మా సర్టిఫికెట్‌లో వారసులు ముగ్గురే ఉన్నారు. మేమిద్దరం ఆ ఇంట్లో పుట్టనే లేదన్నట్టు ఉంది. విరాసత్ (వారసుల పేరు మీదికి భూమి మార్చడం) జరగకముందే "నేను కూడా వారసురాలిని, నాకు చెప్పకుండా మార్చవద్దు" అని తహశీల్దార్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోకుండా అక్కడి నుంచి కదలకండి.

అందరికంటే ముందు అమ్మతో మాట్లాడండి. నన్ను ఆపింది చట్టం తెలియకపోవడం ఒక్కటే కాదు. వాటా అడిగితే తల్లిగారింటి గడప మూసుకుపోతుందని, ఇక పుట్టింటి తరఫున ఒడిలో బియ్యం పోసి దీవించే ఆ ఒడిబియ్యం పోసేవాళ్లు ఉండరని భయం. ఆ భయం నిజమైనదే, నేను కొట్టిపారేయను. కానీ ఆడదానికి భూమెందుకు అనేవాళ్లకు తెలంగాణ రైతాంగ పోరాటంలోని చాకలి ఐలమ్మను గుర్తుచేస్తాను. అప్పటి నల్లగొండ జిల్లా పాలకుర్తిలో, కౌలుకు చేసిన భూమిలో పండిన పంటను దొర మనుషులకు పోనివ్వకుండా నిలబడ్డది ఆడమనిషే.

మాటలతో తేలకపోతే నల్లగొండ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా లాయర్ ఉచితం. వెళ్లలేకపోతే 15100కి ఫోన్ చేయండి. నాతో అక్కడ తెల్లకాగితం మీద దరఖాస్తు రాయించారు, అన్నకు, తమ్ముడికి నోటీసు వెళ్లింది. మూడో వాయిదాకు లోక్ అదాలత్‌లో (తగాదాలను రాజీతో తేల్చే చోటు) రాజీ కుదిరింది. ఆ రాజీని రాసి ఇచ్చే అవార్డుకు కోర్టు డిక్రీతో (తీర్పుతో) సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. కాబట్టి సంతకానికి ముందు సర్వే నంబరు, గుంటలు, ఏ దిక్కున మీ ముక్క, బోరు నీళ్లు ఎవరికి, దారి ఎటు, ఇవన్నీ రాయించి చదివించుకోండి. మా అక్క దారి సంగతి రాయించుకోలేదు, ఇప్పటికీ తమ్ముడి చేను మీదుగా అడిగి వెళ్లాల్సి వస్తోంది.

అవార్డు కాపీ బీరువాలో పెట్టేయకండి. దాంతో తహశీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి, మీ పేరుతో పాస్‌బుక్ చేతికి వచ్చే దాకా తిరగండి. నాకు ఏడు నెలలు పట్టింది. అన్న ఇంకా మాట్లాడడు. తమ్ముడు మాత్రం మొన్న చీర తెచ్చి, అమ్మను పక్కన కూర్చోబెట్టుకొని ఒడిబియ్యం పోశాడు.