డూడుల్ డైరీ – నాలుగో పాఠం: ముందున్నది ముందు

రోజూ చేతికి తగిలిన మూడు వస్తువుల్ని ఒకే పేజీలో గీయమన్నాను పోయినసారి. వచ్చిన పేజీలు చాలావరకు ఎల్‌కేజీ గది గోడ మీద చార్టులా ఉన్నాయి. ఓ మూల టీ గ్లాసు, ఓ మూల తాళంచెవి, ఇంకో మూల చెప్పు. ఒకటి ఇంకోదానికి అడ్డమొస్తే ఎలా గీయాలో తెలియక దేనికది దూరంగా పెట్టేశారు. కొందరు మాత్రం పెన్సిల్‌తో అన్నీ పూర్తిగా గీసి, అడ్డమొచ్చిన గీతలు రబ్బరుతో చెరిపి, పైన పెన్నుతో దిద్దారు. బొమ్మలు శుభ్రంగానే ఉన్నాయి, కానీ పేజీకి గంట పట్టిందట. గంట పట్టే పని రోజూ ఎవరు చేస్తారు? వారం తిరక్కుండా ఆ డైరీ అటకెక్కుతుంది.

అందుకని ఈసారి కొత్త వస్తువులు లేవు. పెన్సిల్ కూడా లేదు.

మీకు దగ్గరగా ఉన్నదాన్ని ముందు గీయండి. వెనకున్నదాని గీత దాన్ని తాకగానే ఆగిపోవాలి, అవతలి పక్క మళ్లీ మొదలవ్వాలి. మెలికల ముగ్గు చెయ్యి తిరిగినవాళ్లు ఇక్కడ జాగ్రత్త: అక్కడ గీత గీతను దాటుకుంటూ పోతుంది, ఇక్కడ దాటకూడదు. సాసరులో ఉస్మానియా బిస్కెట్, దాని వెనక టీ గ్లాసు ఉన్నాయనుకోండి. ముందు బిస్కెట్, తర్వాత గ్లాసు, చివర సాసరు. కింద ఉన్నదీ వెనకున్నట్టే లెక్క. తాళాల గుత్తిలోనూ అంతే, పైన పడ్డ చెవితో మొదలుపెట్టండి.

ఇక గ్లాసు సంగతి. మూతి గుండ్రంగా గీసి, అడుగున మాత్రం స్కేలు పెట్టినట్టు తిన్నటి గీత! దాదాపు అందరూ ఇదే చేశారు. పై నుంచి చూస్తేనే కదా మూతి గుండ్రంగా కనబడేది, అడుగు ఇంకా కిందుంది కాబట్టి దాన్ని మరింత పై నుంచి చూస్తున్నట్టే. అంటే అడుగు వంపు మూతి వంపు కన్నా ఎక్కువుండాలి, తక్కువ కాదు. నమ్మకం కుదరకపోతే ఖాళీ గ్లాసు తీసుకుని, ఒక కన్ను మూసి, దాని మూతిని కంటికి సరిగ్గా ఎదురుగా పట్టుకోండి. మూతి ఒక్క గీతైపోతుంది. మెల్లగా కిందికి దించండి. గీత విచ్చుకుని సన్నటి సున్నా అవుతుంది, ఇంకా దించితే సున్నా లావెక్కుతుంది. గాజు గ్లాసైతే అడుగు సున్నా మొత్తం కనబడుతుంది, స్టీలు గ్లాసైతే మీ వైపున్న సగమే. లోపలి టీ మట్టం వంపు ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. ఆ సున్నా రెండు చివర్లలో మొనలు తేల్చకండి, అక్కడ కూడా అది మలుపే తిరుగుతుంది. బకెట్టు, కుక్కరు, పచ్చడి సీసా, అన్నిటికీ ఇదే లెక్క.

స్కెచ్ పెన్ను రంగు వెనక పేజీకి దిగుతోందని చాలామంది గోల. మామూలు నోట్‌బుక్ కాగితం 60, 70 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) ఉంటుంది, దిగక ఏం చేస్తుంది? 120 పైన ఉన్న పుస్తకం కొనండి, లేదా నాలాగా బాల్ పెన్నుకు వచ్చేయండి. నాకు నీలం బాల్ పెన్నే ఇష్టం. ఒత్తితే ముదురుగా, వదిలితే లేతగా పలుకుతుంది. జెల్ పెన్ను మీద అరచెయ్యి పడితే మరకే.

అభ్యాసం: రాత్రి గిన్నెలు కడిగి బోర్లించిన బుట్ట ముందు కూర్చోండి. అందులో ఉన్నవన్నీ ఒకే పేజీలో, మీకు దగ్గరున్న గిన్నెతో మొదలుపెట్టి వెనక్కి వెళ్తూ గీయండి. గరిటెలు, చిల్లుల గిన్నె, చివరికి బుట్ట కమ్మీలు కూడా. ముందున్న కమ్మీలు మాత్రం అన్నిటికన్నా ముందు గీయాలి, మర్చిపోతారు. ఇరవై నిమిషాలు దాటితే ఆపేసి తేదీ వేయండి. మర్నాడు రాత్రి గిన్నెలు వేరుగా పేరుకుని ఉంటాయి, కొత్త పేజీలో అవి గీయండి. అలా వారం.