విద్యుత్ టారిఫ్ ఉత్తర్వు చదవడం – 5వ పాఠం: నియంత్రణ మండలి ఖర్చు ఏ పద్దులో దాగి ఉంటుంది?

కిందటి పాఠం అభ్యాసంలో ఎక్కువమంది ఒకే చోట జారారు. కరెంటు బిల్లులోని ప్రతి పద్దూ చివరికి ఎవరికి చేరుతుందో రాయమంటే, ‘ఎలక్ట్రిసిటీ డ్యూటీ’కి ఎదురుగా ‘ఈఆర్‌సీకి’ అని రాశారు. ఈఆర్‌సీ అంటే టారిఫ్ ఉత్తర్వుల ద్వారా కరెంటు ధరలు నిర్ణయించే విద్యుత్ నియంత్రణ మండలి. దీన్ని ఇలాగే వదిలేస్తే ముందు ముందు లెక్కలన్నీ తప్పుతాయి. ట్రూ అప్ (అనుమతించిన ఖర్చుకూ అసలు ఖర్చుకూ తేడా సర్దే లెక్క) పాఠాన్ని వచ్చేసారికి వాయిదా వేసి, ముందు ఈ చిక్కు విప్పుదాం.

డ్యూటీ రాష్ట్ర ప్రభుత్వం వేసే పన్ను. తెలుగు రాష్ట్రాల్లో ఇళ్లకు యూనిట్‌కు 6 పైసలు. నెలకు 200 యూనిట్లు వాడితే బిల్లులో ఆ వరుసలో 12 రూపాయలు కనిపిస్తాయి. డిస్కం, అంటే మీకు కరెంటు పంపిణీ చేసే సంస్థ, దాన్ని వసూలు చేసి ప్రభుత్వ ఖజానాకు జమ చేస్తుంది. నియంత్రణ మండలికి దానితో సంబంధం లేదు.

మరి మండలి జీతభత్యాలు ఎక్కడి నుంచి వస్తాయి? 2003 విద్యుత్ చట్టం దగ్గర పెట్టుకుని మూడు సెక్షన్లు చదవండి. 86(1)(జి) రాష్ట్ర మండలికి రుసుము విధించే అధికారం ఇస్తుంది. కేంద్ర మండలికి అదే అధికారం 79(1)(జి)లో ఉంది. 103వ సెక్షన్ ప్రకారం ఆ రుసుములు, ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లు, రుణాలు, ఇతర రాబడులు కలిసి రాష్ట్ర మండలి పేరిట ఒక ప్రత్యేక నిధి అవుతాయి. అధ్యక్షుడు, సభ్యులు, సిబ్బంది జీతాలు, కార్యాలయ ఖర్చులు ఆ నిధి నుంచే చెల్లిస్తారు.

‘ప్రత్యేక నిధి’ అన్న మాట కింద గీత గీయండి. 1954లో ఉడిపి శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు తేల్చిన విషయం ఇక్కడ పనికొస్తుంది. మద్రాసు ప్రభుత్వం మఠాల ఆదాయంలో 5 శాతానికి మించకుండా వంతు వసూలు చేసేలా చట్టం తెచ్చింది. వాటిని పర్యవేక్షించే శాఖ ఖర్చు కోసమేనని వాదించింది. ఆ డబ్బు విడిగా ఉండకుండా రాష్ట్ర సంచిత నిధిలో, అంటే ప్రభుత్వ ఉమ్మడి ఖజానాలో, కలిసిపోతోంది కాబట్టి అది రుసుము కాదు, పన్నేనని కోర్టు చెప్పింది. రుసుము తీసుకుంటే దేనికోసం తీసుకున్నారో దానికి కేటాయించి చూపాలన్న సూత్రం అప్పుడు బలపడింది. తర్వాతి తీర్పులు దాన్ని కొంత సడలించినా, డ్యూటీకీ, మండలికి కంపెనీలు కట్టే లైసెన్సు రుసుముకూ తేడా గుర్తుపెట్టుకోవడానికి ఇంతకంటే మంచి కేసు నాకు దొరకలేదు.

ఇక ఉత్తర్వులోకి వద్దాం. నేను టారిఫ్ ఉత్తర్వును వెనక నుంచి చదువుతాను, మీకూ అదే అలవాటు చేసుకోమంటాను. కేంద్ర మండలి పవర్‌గ్రిడ్ (రాష్ట్రాల మధ్య కరెంటు చేరవేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) లైన్లపై ఇచ్చే ఉత్తర్వుల్లో చివరి పేజీల దగ్గర మూడు చిన్న అంశాలు వరుసగా వస్తాయి. మొదటిది పిటిషన్ దాఖలు రుసుము, పత్రికా ప్రకటనల ఖర్చు: లైను వాడుకునే సంస్థల నుంచి దామాషాలో రాబట్టుకోవచ్చని అనుమతి. మరొకటి లైసెన్సు రుసుము: అదీ రాబట్టుకోవచ్చు. ఇంకొకటి ప్రాంతీయ లోడ్ డెస్పాచ్ కేంద్రం రుసుము. ఈ మూడోది మండలికి చేరదు. గ్రిడ్‌ను నడిపే గ్రిడ్ ఇండియాకు వెళుతుంది. మూడూ పక్కపక్కనే ఉండటంతో బాగా అనుభవం ఉన్నవాళ్లు కూడా కలిపేస్తుంటారు.

డిస్కంల విషయంలో ఇంత సులువు కాదు. మండలికి కట్టిన రుసుము సాధారణంగా పరిపాలన, సాధారణ ఖర్చుల పద్దులో కలిసిపోతుంది. ఉత్తర్వులో మొత్తం అంకె మాత్రమే ఇస్తే, డిస్కం వేసిన పిటిషన్‌లోని అనుబంధ పట్టికలు తెరవాలి.

నన్ను నిజంగా బాధపెట్టే మాట ఇప్పుడు. ‘కంపెనీలు కట్టే డబ్బుతో బతికే మండలి కంపెనీల పక్షమే కదా’ అని చాలామంది రాశారు. ఒక ఉదాహరణ వేద్దాం, అంకెలన్నీ ఊహించినవే. ఒక లైను వార్షిక చార్జీలు 100 కోట్లు, రుసుము 0.1 శాతం. అంటే 10 లక్షలు. ఆ లైను మీదుగా ఏడాదికి 200 కోట్ల యూనిట్లు వెళితే యూనిట్‌కు 0.05 పైసలు. నెలకు 200 యూనిట్లు వాడే ఇంటిపై పడేది 10 పైసలు. ఆ 10 లక్షలు కంపెనీ తన లాభంలోంచి ఇవ్వదు. మండలి అనుమతితో ధరలో కలిపి వినియోగదారుల నుంచి రాబడుతుంది. చెక్కు మీద సంతకం కంపెనీది, డబ్బు మీది. పైగా రుసుము ఎంతో మండలే తన నిబంధనల్లో నిర్ణయిస్తుంది. కట్టనని కంపెనీ మొరాయించే వీలు లేదు. ఇవ్వడం ఆపగలిగినవాడి చేతిలోనే పట్టు ఉంటుంది, ఆ స్థానంలో కంపెనీ లేదు.

ప్రశ్నించాలంటే ప్రభుత్వం వైపు చూడండి. 103వ సెక్షన్ కిందే, నిధిని ఎలా ఖర్చుపెట్టాలో కాగ్‌తో సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం నియమాలు చేయవచ్చు. 106 ప్రకారం మండలి ఏటా తన బడ్జెట్‌ను ప్రభుత్వానికి పంపాలి. సభ్యుల నియామకమూ ప్రభుత్వానిదే. అనేక డిస్కంలకు యజమాని కూడా ఆ ప్రభుత్వమే కావడం అసలు చిక్కు. ఇలాంటి వ్యవస్థలో నిధి బలంగా ఉండి, గ్రాంటు కోసం ఎదురుచూడనవసరం లేని మండలినే నేను కోరుకుంటాను.

రుసుముల మీద జీఎస్టీ కట్టాలని పన్నుల శాఖ పట్టుబడితే, 2025 జనవరిలో ఢిల్లీ హైకోర్టు అంగీకరించలేదు. నియంత్రణ వ్యాపారం కాదని కేంద్ర, ఢిల్లీ మండలుల వాదనను సమర్థించింది. పన్నుల శాఖ వాదన నిలిచి ఉంటే ఆ పన్ను కూడా ఇదే దారిలో మీ బిల్లు దాకా వచ్చేది.

అభ్యాసం: దక్షిణ ప్రాంతంలోని ఏదైనా పవర్‌గ్రిడ్ లైనుపై కేంద్ర మండలి ఉత్తర్వు ఒకటి తీసుకోండి. పైన చెప్పిన మూడు అంశాలకూ ‘ఎవరు కడతారు, ఎవరికి, చివరికి ఎవరి మీద’ అని మూడు గడులు నింపండి. తర్వాత మీ డిస్కం పిటిషన్‌లో మండలి రుసుము వరుస పట్టుకుని, మొత్తం అమ్మిన యూనిట్లతో భాగించండి. చివరగా మీ రాష్ట్ర మండలి వార్షిక నివేదికలోని ఆదాయ ఖాతా తెరిచి, రుసుములెంత, గ్రాంటు ఎంత అన్న నిష్పత్తి కట్టండి. రెండు మూడు సాయంత్రాలు పడుతుంది. ట్రూ అప్ పాఠానికి ఈ మూడో అంకె లేకుండా రాకండి.