అవోస్తా లోయలో రోమన్ రోడ్డు చూడటం ఎలా? కారు దిగండి, కింది నుంచి పైకి నడవండి

నేను ఇటలీలోని టురిన్‌లో ఉంటాను. ఇక్కడి పాలిటెక్నిక్ యూనివర్సిటీలో చదవడానికి వచ్చే మన పిల్లలు, వాళ్లని చూడటానికి వచ్చే అమ్మానాన్నలు, మా బంధువులు, అందరిదీ ఒకటే ప్లాన్. కారు మాట్లాడుకుని, మోటర్‌వే ఎక్కి, గంటన్నరలో అవోస్తాలో దిగి, ఆగస్టస్ ఆర్చ్ ముందు ఫొటో దిగి, మంచు చూసి రాత్రికి వచ్చేస్తారు. రోమన్ రోడ్డు చూశారా అని అడిగితే "అదెక్కడుందీ?" అంటారు. మీరు గంటకి 120లో దూసుకుపోయినప్పుడు పక్కనే ఉందండీ. అది చూడకుండా ఈ లోయ చూశామంటే నేను ఒప్పుకోను.

ఎందుకంటే ఈ లోయని లోయగా చేసింది ఆ రోడ్డే. అంతకుముందు ఇక్కడ సలాస్సీ అనే తెగ ఉండేది, దారి వాళ్ల చేతుల్లో ఉండేది, దాటేవాళ్ల దగ్గర సుంకం వసూలు చేసేవాళ్లు. క్రీ.పూ. 25లో రోమన్ సేనాని వర్రో మురేనా వాళ్లని ఓడించాడు, 36,000 మందిని కింద ఇవ్రియాలో బానిసలుగా అమ్మేశారని ఆ కాలపు గ్రీకు రచయిత స్ట్రాబో రాశాడు. అదే ఏడాది ఇప్పటి అవోస్తా ఊరు పుట్టింది. ఇటలీ నుంచి గాల్‌కి, అంటే ఇప్పటి ఫ్రాన్స్ వైపు, సైన్యాన్ని నడిపించడానికి రోడ్డు వేశారు. ఊళ్లు, వంతెనలు, తర్వాతి కాలపు కోటలు అన్నీ ఆ దారి పట్టుకునే ఉన్నాయి.

సామాను గురించి ఎక్కువ చెప్పను. అడుగున మంచి పట్టున్న బూట్లు, నీళ్ల సీసా, గాలి ఆపే జాకెట్, ఇంట్లో కలుపుకున్న పులిహోర. అంతే. బయట తినాలంటే పోలెంటా, అంటే మొక్కజొన్న పిండి సంకటి, దొరుకుతుంది, పైన ఫొంతీనా చీజ్ కరిగించి ఇస్తారు. ఆ చీజ్‌కి దూడ పొట్టలోంచి తీసే రెనెట్‌తో పాలు విరగ్గొడతారు కాబట్టి పట్టింపున్న శాకాహారులు ముందే చీజ్ వద్దని చెప్పండి. వెళ్లాల్సింది మే లేదా సెప్టెంబర్. ఆగస్టులో వద్దు.

టురిన్ నుంచి ఇవ్రియా దాకా రైలు. అక్కడి నుంచి పైకి లైనుకి కరెంటు పెట్టే పనుల కోసం 2024 జనవరిలో రైళ్లు ఆపి బస్సులు వేశారు. మీరు వెళ్లే రోజుకి ఏది నడుస్తోందో చూసుకుని, పోంట్ సెయింట్ మార్టిన్‌లో దిగండి. అవోస్తా దాకా వెళ్లిపోయి తర్వాత వెనక్కి వద్దాంలే అనుకోకండి. రోమన్లు కింది నుంచి పైకి వెళ్లారు, మీరూ అలాగే వెళ్లండి, అప్పుడే కొండలు రెండు వైపుల నుంచీ దగ్గరకి జరుగుతున్నట్టు తెలుస్తుంది.

స్టేషన్ నుంచి నడిస్తే ఊళ్లోనే పాత వంతెన కనిపిస్తుంది. రెండు వేల ఏళ్లది, మధ్యలో స్తంభం లేకుండా ఒకే కమాను, దాదాపు 35 మీటర్లు. 19వ శతాబ్దం దాకా జనం, బండ్లు దాని మీదుగానే వెళ్లేవి. పైకెక్కి దాటండి, పది నిమిషాలు చాలు.

ఇప్పుడు దొన్నాస్. నడిచి అరగంటకి కొంచెం పైన పడుతుంది. అందరూ పాడుచేసుకునేది ఇక్కడే. ఊరు దాటగానే 221 మీటర్ల పొడవున కొండనే చెక్కి వేసిన రోడ్డు ఉంది. మామూలుగా చూస్తే పాత రాళ్ల బాట అంతే. ఒక ఫొటో తీసి, ఐదు నిమిషాల్లో ఆ చివరికి వెళ్లిపోయి, "ఇంతేనా?" అనేస్తారు. దయచేసి అలా చేయకండి. మొదలులో ఆగి కొండవైపు గోడని కింది నుంచి పైదాకా చూడండి. ఒకప్పుడు ఈ కొండ ముక్కు నేరుగా డోరా బల్తేయా నదిలోకి దిగేది, దారికి చోటే లేదు. ఇప్పుడు మీరు నిలబడ్డ వెడల్పంతా అప్పట్లో రాయే. అంత రాయినీ మనుషులు ఇనుప పనిముట్లతో కొట్టి తీశారు. తీస్తూ తీస్తూ ఒక చోట మాత్రం వదిలేశారు, అదే ఆ రోడ్డు మీద కనిపించే రాతి కమాను. రాళ్లు పేర్చి కట్టింది కాదు, కొండలోంచే తొలిచింది, దగ్గరికి వెళ్లి చూడండి, ఎక్కడా అతుకు ఉండదు. మధ్యయుగంలో దానికి తలుపులు పెట్టి రాత్రిపూట ఊరి ద్వారంలా మూసేసేవాళ్లు.

కమాను దగ్గర్లోనే గోడలో సగం స్తంభం ఆకారం చెక్కి ఉంటుంది. చాలామంది అలంకారం అనుకుని వెళ్లిపోతారు. అది మైలురాయి. దాని మీద XXXVI అని ఉంటుంది, అవోస్తాకి 36 రోమన్ మైళ్లు అని (రోమన్ మైలు దాదాపు కిలోమీటరున్నర). రాయి పాతకుండా, కొండలోనే మైలురాయి చెక్కి వదిలారు.

ఆ తర్వాత కిందకి చూడండి. బండి చక్రాలు నడిచి నడిచి రాయిలో పడ్డ గాళ్లు ఉంటాయి. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఎండ నేరుగా పడి కనబడవు, అందుకే నేను ఎప్పుడూ పొద్దున్నే తీసుకెళ్తాను, ఏటవాలు వెలుతురులో గాడి అంచు నీడతో సహా తేలుతుంది. ఒంగుని చెయ్యి పెట్టి చూడండి, అరచేయి లోపలికి దిగుతుంది, అడుగు నున్నగా, అంచులు కొంచెం గరుగ్గా. మా ఊళ్లో ఎడ్లబండి బాట మీద తిరిగిన మా నాన్నకి ఏమీ చెప్పక్కర్లేకపోయింది, చూడగానే చూపుడువేలితో గాడి వెంట గీస్తూ "ఇక్కడ బండి ఇటు లాగేది" అన్నారు.

ఒక్క జాగ్రత్త, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. వాన పడ్డ రోజు, ముందు రాత్రి పడినా సరే, ఆ రాయి సబ్బులా ఉంటుంది. నాతో వచ్చిన ఒక స్నేహితుడు ఫొటో కోసం వెనక్కి నడుస్తూ గాడిలో కాలు పెట్టి జారాడు, మణికట్టు బెణికి మూడు వారాలు కట్టుతో తిరిగాడు. తడిగా ఉంటే ఆగండి, ఆరాక వెళ్లండి. చెప్పులతో, నున్నటి షూతో అసలొద్దు. పిల్లల్ని చెయ్యి పట్టుకునే నడిపించండి. పెద్దవాళ్లని గాళ్ల మధ్య సమంగా ఉన్న చోట, కొండవైపు నడిపించండి. వెనక్కి నడుస్తూ ఫొటోలు తీయొద్దు, నిలబడి తీయండి.

అక్కడి నుంచి బార్డ్ ఇంకో అరగంట. లోయ అక్కడ గొంతులా బిగుసుకుపోతుంది, పైన కోట. 1800 మే నెలలో ఆ కోట నెపోలియన్ సైన్యాన్ని దాదాపు రెండు వారాలు ఆపింది, ఫిరంగుల్ని రాత్రిపూట చప్పుడు కాకుండా కింది వీధిలోంచే దాటించారు. మీరు కూడా కోటకి ఎక్కించే లిఫ్ట్ వైపు పరిగెత్తకుండా ముందు ఆ వీధిలో నడవండి.

బస్సులో అవోస్తా. రోమన్ థియేటర్ గోడ 22 మీటర్ల ఎత్తు, ఎవరైనా చూపిస్తారు. ఎవరూ చూపించనిది ఆగస్టస్ ఆర్చ్ దాటాక ఉన్న రోమన్ వంతెన, కింద నీళ్లుండవు, బ్యుత్యే ఏరు దారి మార్చుకుని పక్కకి వెళ్లిపోయింది.

ఓపికుంటే మర్నాడు గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ, 2,469 మీటర్లు. మంచు వల్ల మామూలుగా జూన్ నుంచి అక్టోబర్ మధ్యే తెరిచి ఉంటుంది, కాబట్టి మేలో వెళ్తే ఇది కుదరదు. అవోస్తాలో రోడ్డు రెండుగా చీలుతుంది, ఇది ఒక పాయ. అవతల స్విట్జర్లాండ్ కాబట్టి పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ దగ్గర పెట్టుకోండి. పైన జూపిటర్ గుడి ఉండేది, దాని పక్కన మళ్లీ రాతిలో చెక్కిన రోడ్డు ముక్క కనిపిస్తుంది. ఆ దేవుడికి ప్రయాణికులు ఇచ్చిన కంచు పలకలు అక్కడి మఠం మ్యూజియంలో ఉన్నాయి. ఒక పలక మీద ఉన్న మాట, వెళ్లి తిరిగి వచ్చినందుకు మొక్కు తీర్చుకున్నాను అని. మనం గడప దాటేటప్పుడు "వెళ్తాను" అనం కదా, "వెళ్లొస్తాను" అంటాం. నేను ప్రతిసారీ ఆ పలక దగ్గర కాసేపు నిలబడి, తర్వాతే కిందకి దిగే బస్సు ఎక్కుతాను. చివరి బస్సు టైము మాత్రం పైకి ఎక్కేముందే రాసుకోండి, రోజుకి ఉండేవి తక్కువ.