జీఎస్టీ నంబర్‌కి అప్లై చేసే ముందు కరెంటు బిల్లు మీద ఎవరి పేరుందో చూసుకోండి

మా బావమరిది కావలిలో సెల్‌ఫోన్ సామాన్ల షాపు పెట్టినప్పుడు జీఎస్టీ కోసం ఒకాయనకి రెండు వేలిచ్చి అప్లై చేయించాడు. గవర్నమెంటుకి కట్టాల్సిన ఫీజు ఒక్క రూపాయి కూడా లేదని వాడికి తెలియదు. ఆయన ఫారంలో తన ఫోన్ నంబరు, తన మెయిలే ఇచ్చుకున్నాడు. షాపు కరెంటు బిల్లు చనిపోయి చాలా ఏళ్లయిన తాత పేరు మీద ఉంది, దాన్నే అప్‌లోడ్ చేశాడు. ఆఫీసు నుంచి క్వెరీ వచ్చింది, ఆ మెయిల్ ఎవరూ చూడలేదు, గడువు దాటింది, దరఖాస్తు తిరస్కరించారు. అప్పటికి వాడు షాపు ఓపెనింగ్‌కి కార్డులు కూడా పంచేశాడు. ఆ టెన్షన్ ఇంకొకరు పడకూడదనే ఇదంతా రాస్తున్నా.

ముందు మీకు నంబర్ అవసరమా కాదా చూసుకోండి. మన ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకి ఏడాది టర్నోవర్ 40 లక్షలు, సర్వీసు చేసేవాళ్లకి 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెలంగాణలో సరుకుకి కూడా 20 లక్షలే, కాబట్టి హైదరాబాద్‌లో ఉండే చుట్టాలు చెప్పే లెక్క ఇక్కడ సరిపోదు. టర్నోవర్ అంటే లాభం కాదు, మొత్తం అమ్మకం. నెల్లూరులో ఒక షాపు, ఒంగోలులో ఇంకో షాపు ఒకే పాన్ మీద ఉంటే రెండూ కలిపే లెక్క. పరిమితి దాటిన 30 రోజుల్లోపు అప్లై చేయాలి.

మన జిల్లాల వాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇంకోచోట. నెల్లూరు నుంచి చెన్నై ఎంత దూరం గనక? మలై కాజా డబ్బాలు వారానికోసారి చెన్నైలో ఒక షాపుకి పంపిస్తున్నారనుకోండి, అది రాష్ట్రం దాటిన అమ్మకం. అక్కడ 40 లక్షల మాటే లేదు, మొదటి బిల్లుకే నంబర్ ఉండాలి.

ఇక కాగితాలు. పాన్, ఆధార్, ఫొటో అందరి దగ్గరా ఉంటాయి. తేడా వచ్చేది షాపు అడ్రస్ దగ్గరే. షాపు మీ సొంతమైతే ఇంటి పన్ను రసీదు గానీ కరెంటు బిల్లు గానీ, మీ పేరుతో ఉన్నది ఒకటి చాలు. నెల్లూరు వాళ్లకి ఎస్పీడీసీఎల్ బిల్లు, ఒంగోలు వాళ్లకి సీపీడీసీఎల్ బిల్లు వస్తుంది, ఏదైనా ఫర్వాలేదు, కొత్త బిల్లు పెట్టండి. అద్దెదైతే అద్దె అగ్రిమెంటుతో పాటు ఓనర్ పేరున్న పన్ను రసీదో బిల్లో ఒకటి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయించకపోతే ఓనర్ గుర్తింపు కార్డు కూడా జతచేయాలి. నాన్న పేరు మీదో భార్య పేరు మీదో ఉంటే వాళ్ల చేత మామూలు తెల్లకాగితం మీద సమ్మతి పత్రం రాయించి, వాళ్ల గుర్తింపు కార్డు, ఆ ఆస్తి కాగితం ఒకటి పెడితే సరిపోతుంది. మా వాడికి రెండోసారి పని జరిగింది ఇలాగే: మామగారి పేరు మీద ఉన్న ఇంటి పన్ను రసీదు తీసి, ఆయన చేత నాలుగు లైన్లు రాయించి సంతకం పెట్టించాం. ఓనర్ పాన్ కావాలి, షాపు లోపలి ఫొటో కావాలి అని అనవసరమైనవి అడగొద్దని 2025 ఏప్రిల్ 17న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు తన అధికారులకి రాతపూర్వకంగా చెప్పింది. అది గుర్తుపెట్టుకోండి, అడిగితే మర్యాదగా చూపించండి.

అప్లై చేయాల్సింది జీఎస్టీ పోర్టల్‌లో, అంటే వెబ్‌సైట్‌లో. అక్కడ పని రెండు భాగాలు. మొదటి దాంట్లో రాష్ట్రం, జిల్లా, పాన్‌లో ఉన్నట్టే పేరు, మెయిల్, ఫోన్ ఇస్తే ఓటీపీలు వస్తాయి, అవి కొట్టాక టీఆర్ఎన్ అనే తాత్కాలిక నంబర్ ఇస్తుంది. ఫోన్, మెయిల్ రెండూ మీవే ఇవ్వండి, ఎవరి చేత నింపించినా సరే, దయచేసి ఈ ఒక్క మాట వినండి. టీఆర్ఎన్ 15 రోజులే పనిచేస్తుంది, ఆలోపు రెండో భాగం పూర్తిచేసి పంపాలి. ఫొటో 100 కేబీ దాటితే తీసుకోదు. సొంత వ్యాపారమైతే చివర్లో ఓటీపీతోనే సంతకం అయిపోతుంది, కంపెనీలకి డిజిటల్ సంతకం కావాలి.

తర్వాత ఆధార్ ధృవీకరణకి మెయిల్‌లో లింక్ వస్తుంది. కొందరికి ఓటీపీతో అయిపోతుంది, కొందరిని జీఎస్టీ సువిధ కేంద్రానికి వచ్చి వేలిముద్ర వేయమంటుంది. అలా వస్తే స్లాట్ బుక్ చేసుకుని ఆ మెయిల్ ప్రింటు, ఆధార్, పాన్, మీరు అప్‌లోడ్ చేసిన కాగితాల ఒరిజినల్స్ పట్టుకెళ్లండి. అదంతా అయ్యాకే ఏఆర్ఎన్ అనే దరఖాస్తు నంబర్ వస్తుంది, దాంతో దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు.

మామూలుగా 7 పనిదినాల్లో నంబర్ వస్తుంది, లేదా రెగ్-03 అనే క్వెరీ వస్తుంది. క్వెరీ వస్తే 7 పనిదినాల్లో రెగ్-04 అనే ఫారంలో జవాబివ్వాలి, లేదంటే మా వాడి కథే. నంబర్ ఉన్న వ్యాపారులకి అమ్మే సరుకు మీద నెల పన్ను రెండున్నర లక్షలు దాటదనుకునేవాళ్లకి 2025 నవంబర్ 1 నుంచి 3 పనిదినాల్లో ఇచ్చే దారి కూడా ఉంది, ఆధార్ ధృవీకరణ మాత్రం తప్పదు.

ఫారంలోనే కాంపోజిషన్, అంటే చిన్న వ్యాపారులు మామూలు పన్ను బదులు అమ్మకం మీద కొద్ది శాతం కట్టే పద్ధతి, కావాలా అని అడుగుతుంది. కోటిన్నర లోపు టర్నోవర్ ఉన్న కిరాణా, ఫ్యాన్సీ షాపుల వాళ్లకి అది నిజంగా సుఖం, అమ్మకం మీద 1 శాతం కడితే చాలు. కానీ కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు, కొన్న సరుకు మీద కట్టిన పన్ను తిరిగి రాదు, రాష్ట్రం దాటించి అమ్మకూడదు. చెన్నైకి కాజా పంపే ఆయన ఆ బాక్స్ టిక్ పెట్టకూడదు.

నంబర్ వచ్చాక ముందు 37 తో మొదలైందా, మధ్యలో మీ పాన్ సరిగ్గా ఉందా చూసుకోండి. 30 రోజుల్లోపు బ్యాంకు ఖాతా చేర్చండి. సర్టిఫికెట్ షాపులో పెట్టి, బయట బోర్డు మీద నంబర్ రాయించండి. ఒక్క బిల్లు కూడా కొట్టని నెలకైనా రిటర్న్ (అమ్మకం, పన్ను లెక్క చూపే ఫారం) వేయాల్సిందే, మానేస్తే రోజుకి 20 రూపాయల లేటు ఫీజు పడుతుంది. అలాంటి నిల్ రిటర్న్‌కి ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు, పోర్టల్‌లో ఇచ్చిన మీ ఫోన్ నుంచే 14409 కి మెసేజ్ పెట్టి వేసుకోవచ్చు.