గజేంద్రుడి వెయ్యేళ్ల పోరును పిల్లలకు చదివి చెప్పడం ఎలా

గజేంద్రమోక్షం చెప్పమంటే చాలామంది మొసలి పట్టుకోవడాన్ని ఒక్క వాక్యంలో ముగించి, నేరుగా "లావొక్కింతయు లేదు" దగ్గరికి వచ్చేస్తారు. అక్కణ్ణుంచి వైకుంఠం, చక్రం, మంగళం. పది నిమిషాల్లో కథ కంచికి వెళ్లిపోతుంది. పోతన అలా రాయలేదు. ఆ ఏనుగు దేవుణ్ణి పిలిచే ముందు వెయ్యేళ్లు నీళ్లతో, మొసలితో పోరాడింది. ఆ పోరు వినిపించకుండా మొర ఒక్కటే వినిపిస్తే, కాల్లో ముల్లు గుచ్చుకోగానే అమ్మను కేకేసినట్టు ఉంటుంది పిల్లలకి.

నేను గోదావరి లంకల్లో ఒక హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఆరు నుంచి ఎనిమిది దాకా చదివే పిల్లలకు, పాఠంగా ఉన్నా లేకపోయినా, ఏటా ఈ ఘట్టం చదివి చెబుతాను. ఇంట్లో మీ పిల్లలకో మనవలకో చెప్పాలనుకునేవాళ్లకు కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. మీకు రాగం రానక్కర్లేదు, సంస్కృతం రానక్కర్లేదు. ముందురోజు ఒక గంట కూర్చునే ఓపిక ఉంటే చాలు.

ఆ గంటలో చేయాల్సిన పని ఏమిటంటే, భాగవతం ఎనిమిదో స్కంధం తెరిచి పద్యాలు ఏరుకోవడం. ఈ కథలో పద్యాలు, వచనాలు కలిపి వందకు పైనే ఉన్నాయి. అన్నీ చదివితే పిల్లలు నిద్రపోతారు. ఎనిమిదో తొమ్మిదో చాలు. ఏరుకున్న పద్యాలను ఒంటరిగా, గట్టిగా చదువుకుంటూ మాట విరిగే చోటల్లా పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. పద్యపాదం ఆగిన చోట కాదు, అర్థం ఆగిన చోట. పోతన పద్యం సగం కష్టం ఈ గీతలతోనే తీరిపోతుంది.

నలభై అయిదు నిమిషాల పీరియడ్‌లో నేను పది నిమిషాలు అడవికీ చెరువుకీ, ఇరవై నిమిషాలు పోరుకీ, పది మొరకీ ఇస్తాను. వైకుంఠం, చక్రం, విడుదల అన్నీ మిగిలిన అయిదు నిమిషాల్లో అయిపోతాయి, అవి త్వరగా అయిపోవాలి కూడా. ఈ లెక్క ఎలా మారినా పోరు వాటా మాత్రం తగ్గనివ్వకండి.

మొదట నీళ్లను ముద్దుగా చూపించండి. పాలసముద్రం మధ్య త్రికూట పర్వతం, ఆ అడవిలో ఏనుగుల మంద, వాటికి దప్పిక. పెద్ద కొలను కనబడింది, దిగాయి. ఇక్కడ ఈ కందపద్యం తప్పక చదవాలి:

తొండంబుల పూరించుచు
గండంబుల జల్లుకొనుచు గళగళ రవముల్
మెండుకొన వలుద కడుపులు
నిండన్ వేదండకోటి నీరుం ద్రావెన్.

తొండాల నిండా పీల్చుకుని, చెక్కిళ్ల మీద చల్లుకుంటూ, గళగళమని చప్పుడు చేస్తూ, బాన కడుపులు నిండేదాకా ఏనుగులు నీళ్లు తాగాయి. "గళగళ" దగ్గర పిల్లల్ని చప్పుడు చేయనివ్వండి. క్లాసు గోలగోలగా అయిపోతుంది, పర్వాలేదు. హాయినిచ్చిన ఆ నీళ్లే కాసేపట్లో కాళ్లు పట్టుకుంటాయి. మొదట హాయి తెలిస్తేనే తర్వాత భయం తెలుస్తుంది. మా పిల్లలకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వేసవిలో ఈతకొట్టే పాయే ఆషాఢం దాటాక ఎలా ఉరుముతుందో వాళ్లకు తెలుసు. మీ పిల్లలు ఏరు చూడకపోతే సముద్రం గురించి అడగండి, అల వెనక్కి పోతుంటే కాళ్లకింద ఇసుక జారిన సంగతి.

తర్వాత మొసలి. దాని రాకను పోతన సీసపద్యంలో చెప్పాడు. "భుగభుగాయిత భూరి బుద్బుద" అంటూ నీళ్లలో బుడగలతో మొదలవుతుంది. ఆ ఒక్క ముక్క చాలు, అదీ మెల్లిగా, గొంతు తగ్గించి. సూర్యుణ్ణి రాహువు పట్టినట్టు పట్టిందని మాత్రం చెప్పి ఆపండి.

ఇక్కణ్ణుంచి తొందర పడకండి. పోతన ఈ యుద్ధాన్ని దెబ్బ దెబ్బగా చెప్పాడు. ఏనుగు పట్టు తప్పించుకుని తొండమెత్తి ఒక్కటి కొట్టింది. మొసలి నీళ్లలోకి జారి అణిగిపోయినట్టే కనబడి, కిందనుంచి వచ్చి ముందరి కాళ్లు రెండూ పట్టేసింది. ఏనుగు భయపడిందా? "తలకుబా టొకయింతయు లేక శూరతన్" అంటాడు. రవ్వంత తొట్రుపాటు లేదు. దంతాల కొనలతో దాని మీది చిప్పలు చెదిరిపోయేలా చిమ్మింది. మొసలి కాళ్లు వదిలేసి తోక మొదట్లో కోరలు దింపింది. ఇవన్నీ ఒకటొకటిగా మీ మాటల్లో చెప్పి, మధ్యలో ఆ ఒక్క పాదం పద్యంగా చదవండి. ఏ దెబ్బ తర్వాత ఏ దెబ్బో మీకు కంఠతా ఉండాలి. చెప్పేవాళ్లు పుస్తకంలో వెతుక్కుంటే యుద్ధం చల్లారిపోతుంది.

అప్పుడు తాడు తీయండి. నేను పాత నూలు చీర పేని పెట్టుకున్నాను. కొబ్బరి మోకు వద్దు, అరచేతులు ఒరుసుకుపోతాయి. నేల మీద సుద్దతో గీత గీసి, ఒక వైపు గట్టు, ఒక వైపు చెరువు అంటాను. అటు నలుగురు, ఇటు నలుగురు. నియమం ఒక్కటే: ఎవరూ గెలవకూడదు. లాగి, బిగబట్టి నిలబడాలి. అప్పుడు ఈ పద్యం:

కరి దిగుచు మకరి సరసికి
గరి దరికిని మకరి దిగుచు గరకరి బెరయన్
గరికి మకరి మకరికి గరి
భర మనుచును నతల కుతల భటు లరుదు పడన్.

ఏనుగును మొసలి చెరువులోకి లాగుతోంది, మొసలిని ఏనుగు గట్టుకు లాగుతోంది. దానికి ఇది, దీనికి అది మోయలేని బరువే అని పాతాళ లోకాల భటులు కూడా ఆశ్చర్యపోతున్నారు. "సరసికి" అన్నప్పుడు చెరువు వైపు వాళ్లు లాగాలి, "దరికిని" అన్నప్పుడు గట్టు వైపు వాళ్లు. మూడో పాదంలో లాగుడు ఇంకా దగ్గర పడుతుంది, కరికి మకరి, మకరికి కరి, అటూ ఇటూ, అటూ ఇటూ. ఛందస్సు నేర్చిన పిల్లలుంటే గురులఘువులు పెట్టమనండి, నిలిచి పలికే అక్షరం గురువు, చటుక్కున పలికేది లఘువు. రెండో పాదం చివర ఒక గురువు, నాలుగో పాదం చివర ఒక గురువు, అంతే. మిగతావన్నీ లఘువులే. ఆ రెండు గురువులు కూడా కందపద్యానికి తప్పనిసరి కాబట్టి ఉన్నాయి. పద్యంలో కాలు ఆనించే చోటే లేదు, ఆ ఏనుగుకు లేనట్టే. ఈ సంగతి పిల్లలు బోర్డు మీద తామే కనిపెట్టినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. నాకు పోతన మీద ప్రేమ ప్రతి ఏడూ అక్కడే కొత్తగా పుడుతుంది.

తాడు బిగబట్టి ఉండగానే, చేతులు నొప్పి పుట్టాక, తరువాతి పద్యం చదవాలి. ఈ కథకు వెన్నెముక అదే:

అలయక సొలయక వేసట
నొలయక కరి మకరితోడ నుద్దండత రా
త్రులు సంధ్యలు దివసంబులు
సలిపెం బోరొక్క వేయి సంవత్సరముల్.

అలసిపోకుండా, సోలిపోకుండా, విసుగు చెందకుండా, రాత్రులు, సంధ్యలు, పగళ్లు, వెయ్యి సంవత్సరాలు. చాలా నెమ్మదిగా చదవండి. "రాత్రులు" అని ఆగండి. "సంధ్యలు" అని ఆగండి. "దివసంబులు" అని ఆగండి. తాడు వదలమని అప్పుడు చెప్పండి. పిల్లలు అరచేతులు చూసుకుంటారు. మీరు వివరించాల్సింది ఏమీ ఉండదు.

ఇంట్లో ఇద్దరే పిల్లలుంటే ఒక దుప్పటి చాలు.

ఈ దశలో ఎవరో ఒకరు అడుగుతారు: ఏనుగు అంత పెద్దది కదా, ఎందుకు గెలవలేదు? మంచి ప్రశ్న. వేమన చెప్పిన స్థానబలిమి గుర్తుచేయండి, నీళ్లలో ఏనుగును పట్టే మొసలి గట్టెక్కితే కుక్కకు లోకువ. మొసలికి ఆ నీళ్లే ఇల్లు, ఆ నీళ్లే తిండి. ఏనుగుకు మేత గట్టు మీద ఉంది, అడుగు పట్టు గట్టు మీద ఉంది. రోజు గడిచేకొద్దీ ఒకరి బలం పెరుగుతుంది, ఇంకొకరిది తరుగుతుంది. ఏనుగు బహుళపక్షపు చంద్రుడిలా తరిగిపోయింది అంటాడు పోతన. ఈ చంద్రుణ్ణి గుర్తుపెట్టుకోమని పిల్లలకు చెప్పండి, చివర్లో మళ్లీ వస్తాడు.

మొసలిని దుర్మార్గుణ్ణి చేయకండి. గాలి బంధించి, ఇంద్రియాలు అణిచి, బ్రహ్మపదాన్ని పట్టుకు కూర్చున్న యోగితో దాని పట్టును పోల్చాడు పోతన. ఓర్పు రెండు వైపులా ఉంది. అది తెలిస్తేనే ఏనుగు ఎంతటివాడితో తలపడిందో తెలుస్తుంది. ఏనుగు పూర్వజన్మలో ఇంద్రద్యుమ్న మహారాజనీ, అగస్త్యుడి శాపమనీ, మొసలి హూహూ అనే గంధర్వుడనీ, దేవలుడి శాపమనీ మొదట్లోనే చెప్పేయొద్దు. అది కథ అయిపోయాక చెప్పాల్సిన మాట. ముందే చెబితే అంతా తీర్చిపెట్టినట్టే ఉంటుంది, పిల్లల్లో టెన్షన్ పోతుంది.

గట్టు మీద ఆడ ఏనుగుల్ని మర్చిపోకండి. చాలామంది మర్చిపోతారు. "ఒక్కరుని డించి పోవ గాళ్ళు రాక" అని ఒక్క చిన్న ఆటవెలదిలో వాటిని నిలబెట్టాడు. ఒంటరిగా వదిలి వెళ్లడానికి కాళ్లు రాలేదట. అవి దిగి సాయం చేయలేవు, వెళ్లిపోనూ లేవు, నిలబడి చూస్తున్నాయి. వరదకు పడవ మీద వెళ్లిన మనిషి కోసం రేవులో నిలబడ్డవాళ్లు మా ఊళ్లో ప్రతి ఇంట్లో ఉంటారు. నాకైతే ధైర్యం గురించిన పద్యాల్లో ఇదీ ఒకటి.

ఇక మొర. నేరుగా దేవుడి దగ్గరికి దూకకండి. అంతకుముందు ఏనుగు తనను తాను నిలదీసుకుంటుంది. అంత అడవి, అంత మంద, చందనపు నీడలు వదిలి "ఈ నీరాశ నిటేల వచ్చితి" అంటుంది. తర్వాత "ఎవ్వనిచే జనించు" అనే ఉత్పలమాల, ఈ జగత్తు ఎవరివల్ల పుట్టిందో అతణ్ణి పిలుస్తున్నానని. ఆ తర్వాత కొన్ని పద్యాలకు వచ్చే ఈ పద్యాన్ని మాత్రం గుండె చిక్కబట్టుకుని చదవాలి:

కలడందురు దీనుల యెడ
గలడందురు పరమయోగి గణముల పాలం
గలడందు రన్నిదిశలను
గలడు కలండనెడువాడు గలడో లేడో?

దీన్ని భక్తి పాటలా సాగదీయొద్దు. ఇది నిజమైన ప్రశ్న. ఉన్నాడంటారు, ఉన్నాడంటారు, ఉన్నాడంటారు, ఉన్నాడో లేడో? వెయ్యేళ్లు పోరాడిన ప్రాణి అడుగుతోంది. "లేడో" దగ్గర ఆగి, పిల్లల కళ్లలోకి చూసి, కొంచెంసేపు మాట్లాడకుండా ఉండండి. ఈ అనుమానాన్ని కప్పిపుచ్చాలని చూసే పెద్దవాళ్లు ఉంటారు. పోతన కప్పిపుచ్చలేదు, మనకెందుకు?

"లావొక్కింతయు లేదు" శార్దూలం. మొదటి రెండు పాదాల్లో ఆరు చిన్న వాక్యాలు ఉన్నాయి. బలం కొంచెం కూడా లేదు. ధైర్యం సడలింది. ప్రాణాలు చోటు తప్పాయి. మూర్ఛ వచ్చింది. ఒళ్లు డస్సిపోయింది. శ్రమ అవుతోంది. ఆరింటికీ మధ్య ఊపిరి తీసుకోండి, రొప్పుతున్నట్టు. కంఠస్థం వచ్చినవాళ్లు దీన్ని గడగడా ఒక్క ఊపున లాగేస్తారు, ఈ ఒక్క చోట అది తగదు. అంత రొప్పులోనూ ఏమేం పోయాయో ఆ ఏనుగు ఒకటొకటిగా లెక్క చెప్పగలుగుతోంది చూడండి.

"సిరికిం జెప్పడు"కి పూర్తిగా ఎదురు పద్ధతి. మత్తేభం, పరుగు. లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు తీసుకోడు, పరివారాన్ని పిలవడు, గరుడుణ్ణి సిద్ధం చేయమనడు, చెవి మీద పడ్డ జుట్టు సవరించుకోడు, పట్టుకున్న కొంగు కూడా వదలడు. ఒక్క ఊపిరిలో చదివేయండి. చేతిలో ఆయుధం లేకుండా వచ్చి ఏం చేస్తాడని శ్రీనాథుడు అడిగితే పోతన బావిలో రాయి వేయించి, పిల్లాడు పడ్డాడనిపించి శ్రీనాథుణ్ణి ఉత్తచేతులతో పరుగెత్తించాడనే చాటుకథ ఉందే, అది ఇక్కడ ఎత్తుకోవద్దు. ఎంత సరదాగా ఉన్నా పరుగు ఆగిపోతుంది.

విడుదల పద్యంలో "పాదము లల్లార్చి" అనే ముక్క వెతికి పట్టుకోండి. మొసలి పట్టు వీడగానే ఏనుగు కాళ్లు విదిలించుకుంది. పిల్లల్ని లేచి నిలబడి కాళ్లు విదిలించమనండి. చీకటి వీడిన చంద్రుడిలా ఉందని ఆ పద్యంలోనే ఉంది, ఇందాక తరిగిన చంద్రుడు ఎవరో వాళ్లే చెబుతారు. గట్టు మీద నిలబడ్డ మందను కూడా కలపండి. గజేంద్రుడు తొండంతో ఆడ ఏనుగులను మెల్లగా నిమిరాడు.

అయిపోయాక నీతి అడగొద్దు. "ఈ కథవల్ల మనం ఏం నేర్చుకున్నాం" అనగానే పిల్లలు పరీక్ష జవాబు అప్పజెబుతారు. బదులుగా "అలయక సొలయక" ఒక్కటీ నోటికి వచ్చేలా చేయించండి. తర్వాత ఇంటికి ఒక పని ఇవ్వండి. నేను మా పిల్లల్ని 1986 ఆగస్టు వరద చూసిన పెద్దవాళ్ల దగ్గరికి పంపుతాను. మూడే ప్రశ్నలు: నీళ్లు వచ్చినప్పుడు దేన్ని పట్టుకున్నారు? ఎంతసేపు? గట్టు మీద మీకోసం ఎవరున్నారు? మీ దగ్గర వరద లేకపోతే తుఫాను ఉంటుంది, కరువు ఉంటుంది, బోరు ఎండిన వేసవి ఉంటుంది. తాతయ్య చెప్పింది చెప్పినట్టే, ఆయన మాటల్లోనే రాసుకు రమ్మనండి. మర్నాడు ఆ కాగితాలను గట్టు మీద ఏనుగుల పద్యంతో కలిపి చదివించండి. ముందు పద్యం, తర్వాత ఒక కాగితం, మళ్లీ పద్యం, ఇంకో కాగితం.