మాటల గుట్టు, 4వ పాఠం: ‘ఆల్ట్-రైట్’

పోయిన పాఠంలో ‘కుడి’, ‘ఎడమ’ల సంగతి చూశాం. 1789లో ఫ్రాన్స్ సభలో రాజుకు వీటో ఉండాలన్నవాళ్లు అధ్యక్షుడికి కుడిపక్కన, వద్దన్నవాళ్లు ఎడమపక్కన చేరారు. అలా కూర్చున్న వైపే సిద్ధాంతానికి పేరైపోయింది. ఇవాళ అమెరికాలో తెల్లజాతి ఆధిపత్యం కోరేవాళ్లు ఆ కుడికి, అంటే ‘రైట్’కు, ముందు తగిలించుకున్న ‘ఆల్ట్’ సంగతి చూద్దాం.

ముందు మాటను విడగొట్టండి. ఆల్ట్ అంటే ఆల్టర్నేటివ్, ప్రత్యామ్నాయం. దేనికి ప్రత్యామ్నాయమో పేరులో లేదు. తెల్లజాతి ప్రస్తావన అసలే లేదు. ఈ లోటు దగ్గర పెన్సిలుతో చిన్న చుక్క పెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వస్తాం.

తర్వాత, ఎవరి నోట పుట్టిందో చూడాలి. 2008 నవంబరులో అమెరికాలో హెచ్.ఎల్. మెంకెన్ క్లబ్ సభలో పాల్ గాట్‌ఫ్రీడ్ అనే ప్రొఫెసర్ ‘ఆల్టర్నేటివ్ రైట్’ గురించి ప్రసంగించాడు. కుడిపక్షంలోనే ఉండి ఇరాక్ యుద్ధాన్ని వెనకేసుకొచ్చిన నియోకన్జర్వేటివ్‌లతో పొసగనివాళ్లు వేరుకుంపటి పెట్టుకోవాలన్నది ఆయన గొడవ. 2010లో రిచర్డ్ స్పెన్సర్ అదే పేరుతో వెబ్ పత్రిక పెట్టాడు. కుంపటి అదే, మీద ఉడికేది మారింది: తెల్లవాళ్లకు ప్రత్యేక దేశం కావాలన్న వాదం. అక్కణ్ణుంచి ‘ఆల్ట్-రైట్’ అన్న పొట్టిపేరు ఫోర్‌చాన్ అనే వెబ్ చర్చావేదికలో పేరు చెప్పకుండా రాసే కుర్రకారు మీమ్‌లలోకి పాకింది. కార్టూనిస్టు మ్యాట్ ఫ్యూరీ 2005లో సరదాగా గీసుకున్న పెపె అనే కప్ప బొమ్మను కూడా ఎత్తుకుపోయారు, పాపం. 2016 ఆగస్టు 25న నెవాడా రాష్ట్రంలోని రీనోలో అధ్యక్ష అభ్యర్థి హిల్లరీ క్లింటన్ ఈ మాటెత్తి ప్రసంగించాక అది ఇంటింటికీ చేరింది.

ఇప్పుడు అసలు సాధన. ఈ రెండు వాక్యాలూ పైకి చదవండి. రెండూ అమెరికాలోని ఒకే ఊళ్లో జరిగినదాని గురించే.

‘షార్లట్స్‌విల్‌లో ఆల్ట్-రైట్ కార్యకర్తలు ప్రదర్శన జరిపారు.’

‘2017 ఆగస్టు 11 రాత్రి తెల్లజాతి ఆధిపత్యం కోరేవాళ్లు వర్జీనియా విశ్వవిద్యాలయంలో కాగడాలతో ఊరేగారు.’

మొదటిది విని ఏ కాలేజీ సంఘమో అనుకోవచ్చు. రెండోదానికి ఒళ్లు జలదరిస్తుంది. ఇందాక పెట్టిన చుక్క ఇక్కడికి తెచ్చింది. 2016 నవంబరులోనే అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన విలేకరులకు చెప్పింది: ఈ మాటను ఒట్టిగా వాడకండి, అర్థం విప్పి చెప్పండి అని.

మన పత్రికల్లో తిప్పలు ఇంకోరకం. రైట్ వింగ్‌ను ‘మితవాదం’ అంటాం. స్వాతంత్ర్యోద్యమంలో నెమ్మదిగా పోదామన్న గోఖలే వర్గాన్నీ మితవాదులే అన్నాం. దాంతో ఫార్ రైట్ కాస్తా ‘తీవ్ర మితవాదం’ అయి కూర్చుంది. తీవ్రమైన మితమట! నేనైతే ‘ఆల్ట్-రైట్’ అనే రాసి, పక్కనే వాళ్లు కోరేదేమిటో ఒక్క ముక్క చేరుస్తాను.

అభ్యాసం: రేపటి పేపర్లో ‘వాది’తో ముగిసే మాటలు మూడు ఏరండి. ఒక్కోదాన్ని కొట్టేసి, ఆ మనుషులు అడుగుతున్నదేమిటో అక్కడ రాయండి. వార్త మొత్తం చదివినా రాయలేకపోతే ఆ కత్తిరింపు దాచిపెట్టండి, 5వ పాఠంలో దానితోనే పని.