మూలన పడిన పద్మినిని ఇంట్లోనే లేపడం: సమస్య - పరిష్కారం

ఏళ్ల తరబడి షెడ్డులో నిలబడిపోయిన ప్రీమియర్ పద్మిని కారును తిప్పుదామనుకోగానే చాలామంది ఇంజిన్ దించేస్తారు. ఆ పని చివరికి పెట్టుకోండి. 1089 సీసీల ఈ నాలుగు సిలిండర్ల ఇంజిన్ మొండి ఘటం. అనంతపురం, కడప, కర్నూలు వైపు నిలబడిన బండిని పాడుచేసేవి వేరే: ఎండకు బీటలిచ్చిన రబ్బరు, బోరునీళ్లు వదిలిన సుద్ద, ట్యాంకులో జిగురైపోయిన పాత పెట్రోలు. ఈ మూడూ చూసుకున్నాక కూడా బండి దారికి రాకపోతే అప్పుడు ఇంజిన్ సంగతి.

పని మొదలుపెట్టే ముందు నేల చూడండి. మన షెడ్లలో చాలావరకు బేతంచర్ల నాపరాళ్లు పరిచి ఉంటాయి. కింద మట్టి కుంగి గుల్లగా ఉన్నచోట జాకీ పెడితే రాయి పుటుక్కున పగులుతుంది, బండి పక్కకు ఒరుగుతుంది. రాతిని సుత్తి పిడితో తట్టి బోలు శబ్దం వస్తే ఆ చోటు వదిలేయండి. గట్టిగా ఉన్నచోట కూడా రెండు అంగుళాల మందం చెక్క వేసి దానిమీదే జాకీ, స్టాండ్లు పెట్టండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టి బండి కిందికి దూరొద్దు. అవి ముందుగా చెప్పకుండానే పగులుతాయి.

ఇంజిన్ అసలు తిరగదు

ముందు బ్యాటరీని అనుమానించండి. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు ఆరిపోయేంత మందగిస్తే బ్యాటరీ గానీ, టెర్మినళ్లు గానీ, ఎర్త్ పట్టీ (బ్యాటరీ నెగటివు నుంచి బాడీకి, ఇంజిన్‌కు వెళ్లేది) గానీ కారణం. నాలుగు ప్లగ్గులూ తీసి, టాప్ గేరులో వేసి బండిని ముందుకూ వెనక్కూ ఊపినా ఇంజిన్ కదలకపోతేనే పిస్టన్లు పట్టేసినట్టు.

పట్టేసినా భయం లేదు. డీజిల్, ఇంజిన్ ఆయిల్ సగం సగం కలిపి ఒక్కో సిలిండరులో రెండు టీస్పూన్లు పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత క్రాంక్ పుల్లీ నట్టుకు స్పానర్ పెట్టి కొద్దిగా ముందుకు, కొద్దిగా వెనక్కు కదిలించండి. ఒకేవైపు బలంగా లాగితే పట్టిన రింగు విరుగుతుంది. కదలడం మొదలయ్యాక ప్లగ్గులు పెట్టకుండానే సెల్ఫ్ తిప్పి ఆ నూనె బయటికి పంపండి. ఆ నూనె తుంపర మొహం మీదికి వస్తుంది కాబట్టి ప్లగ్గు రంధ్రాల మీద గుడ్డ కప్పండి. ఆ తర్వాత ఇంజిన్ అడుగున ఉండే సంపులో ఆయిల్ మార్చందే స్టార్ట్ చేయొద్దు.

సెల్ఫ్ తిరుగుతుంది, స్టార్ట్ కాదు

ప్లగ్గు దగ్గర నిప్పు (స్పార్క్) చూడండి. ప్లగ్గు తీసి వైరు తొడిగి, దాని ఇనుప ఒంటిని బ్లాకుకు ఆనించి సెల్ఫ్ కొట్టమనండి. దగ్గర్లో పెట్రోలు చుక్క ఉండకూడదు. నీలంగా, టపటపమంటూ వస్తే కరెంటు బాగుంది, పెట్రోలు వైపు వెళ్లండి. పసుపుగా, పీలగా వచ్చినా, రాకపోయినా, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. ఏళ్లు నిలబడిన బండిలో, లోపల కలుస్తూ విడుతూ ఉండే పాయింట్ల మీద బూడిదరంగు పొర పడుతుంది. సన్నటి నీటిపేపరు ముక్కతో రుద్ది, స్పిరిట్ గుడ్డతో తుడవండి. లూకాస్ రకం డిస్ట్రిబ్యూటరుకు పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మి.మీ., ఫీలర్ గేజితోనే పెట్టండి. పాయింట్లు నల్లగా కాలి, ఒకదానిమీద ముల్లు, ఎదుటిదానిమీద గుంట కనబడితే తప్పు కండెన్సరుది. పాయింట్లు మాత్రమే మారిస్తే వారంలో మళ్లీ అదే గతి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లలో నిప్పు పడే వరుస) 1-3-4-2. వైర్లు పీకేముందు వరుసగా గుర్తులు పెట్టుకోండి.

నిప్పు బాగుంటే ట్యాంకు. పాత పెట్రోలు పుల్లటి వార్నిష్ వాసన వేస్తుంది. దాన్ని పూర్తిగా వంచేయండి, కొత్త పెట్రోలు కలిపి గట్టెక్కిద్దామనుకోవద్దు. బంకుల్లో ఇప్పుడొచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంది. అది ట్యాంకు గోడలకు పట్టిన పాత జిగురును కరిగించి ఫిల్టరుకు, కార్బురేటర్ జెట్లకు చేరుస్తుంది. అందుకే మొదటి వారం ట్యాంకుకూ పంపుకూ మధ్య పారదర్శకమైన ఫిల్టరు పెట్టి రోజూ చూడండి. గోధుమరంగు చెత్త చేరినప్పుడల్లా మార్చండి. పాతకాలపు పంపు డయాఫ్రమ్‌ను (లోపలి పొరను) కూడా ఇథనాల్ ఉబ్బించి మెత్తబరుస్తుంది, కొత్త కిట్ వేయడమే మేలు.

పొద్దున బాగా నడుస్తుంది, మధ్యాహ్నం ఆగిపోతుంది

ఈ లక్షణం మన వైపు ఎక్కువ, పొరపాటు వైద్యం కూడా దీనికే ఎక్కువ. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన ఎండలో అనంతపురం క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్కులో ఆగిన బండి, అరగంట నీడలో పెడితే తనంతట తానే స్టార్ట్ అవుతుంది. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోవచ్చు, కాయిల్ బలహీనపడొచ్చు, కండెన్సర్ చెడొచ్చు. మూడూ చల్లారాక మామూలైపోతాయి కాబట్టి ఇంటికి తెచ్చాక వెతికితే ఏదీ దొరకదు. ఆగిన చోటే, ఆగిన క్షణమే పరీక్ష చేయాలి. బండిలో ఒక పాత ప్లగ్గు, ఒక తడిగుడ్డ, సీసాలో నీళ్లు ఎప్పుడూ ఉంచుకోండి.

పాత ప్లగ్గుతో నిప్పు చూడండి. పీలగా ఉంటే కాయిల్ ముట్టుకోండి. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే కాయిల్ మార్చి చూడాలి, కాకపోతే కండెన్సర్. నిప్పు బలంగానే ఉంటే తడిగుడ్డను పెట్రోలు పంపు మీద, పంపు నుంచి కార్బురేటరుకు వెళ్లే పైపు మీద చుట్టి నీళ్లు పోయండి. ఐదు నిమిషాల్లో స్టార్ట్ అయితే అది ఆవిరి పని.

ఆవిరి ఎందుకు పడుతుందో తెలిస్తే మందు దొరుకుతుంది. పంపు ఇంజిన్ పక్కనుండి వెనకనున్న ట్యాంకు నుంచి పెట్రోలును పీల్చుకుంటుంది. పీల్చే గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే పెట్రోలు తక్కువ వేడికే మరుగుతుంది. పంపు ద్రవాన్ని లాగగలదు గానీ ఆవిరిని లాగలేదు. దీనికి తోడు ట్యాంకు వైపు రబ్బరు హోసు బీటలిచ్చి ఉంటే గాలి కూడా లోపలికి పోతుంది. అది పీల్చే వైపు కాబట్టి పగులున్నా పెట్రోలు బయటికి కారదు, నేలమీద చుక్క కనబడదు. అందుకే ఎవరి కంటా పడదు. హోసును వేళ్లతో వంచి చూడండి, సన్నటి గీతలు నోరు తెరుస్తాయి. అన్ని రబ్బరు ముక్కలూ ఇథనాల్‌కు తట్టుకునే హోసుతో మార్చండి. ఎగ్జాస్టు మానిఫోల్డుకు ఆనుకుని పోయే లోహపు పైపును కనీసం రెండంగుళాలు దూరం జరిపి కట్టండి. కార్బురేటర్ కింద వేడిని ఆపే మందపాటి బేకలైట్ ప్యాకింగ్ ఉందో లేదో చూడండి. ఎప్పుడో దాన్ని పారేసి ఉత్త పేపరు గాస్కెట్ వేసి ఉంటారు. పంపు మీద బట్టలకు పెట్టే చెక్క క్లిప్పులు పెట్టి తిరిగే కన్నా ఇవి చేయడం నయం.

ఇంకొకటి. వేడి ఇంజిన్ ఆపిన పది నిమిషాలకు స్టార్ట్ కాకపోతే కార్బురేటరులో మరిగిన పెట్రోలు మానిఫోల్డులో నిండి ఉంటుంది. యాక్సిలరేటర్ పదేపదే కొట్టొద్దు. చివరిదాకా నొక్కి అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టండి.

వేడి ముల్లు ఎర్రగీత దాటుతుంది

రేడియేటర్ మూత చుట్టూ తెల్లటి పెచ్చు ఉంటే లోపల ట్యూబుల్లోనూ అదే ఉంటుంది. మన బోరునీళ్లు మరిగిన ప్రతిసారీ సుద్ద వదులుతాయి. ఇంజిన్ వేడెక్కాక ఆపి, రేడియేటర్ ముందువైపు చేత్తో తడమండి. చల్లగా తగిలిన చోట ట్యూబులు మూసుకుపోయినట్టే. మూత మాత్రం చల్లారేదాకా తీయొద్దు.

సిలిండర్ హెడ్ అల్యూమినియంది కాబట్టి బాత్‌రూమ్ యాసిడ్ దగ్గరికి రానివ్వొద్దు, హెడ్డును తినేస్తుంది. పాత నీళ్లు కొలిచి తీసి, అన్ని లీటర్ల నీటిలో లీటరుకు 40 గ్రాముల చొప్పున నిమ్మఉప్పు కలిపి పోయండి. ఇంజిన్ 20 నిమిషాలు మెల్లగా నడిపి, చల్లారాక వదిలి, నీళ్లు తేటగా వచ్చేదాకా మూడు నాలుగు సార్లు కడగండి. అప్పటికీ చల్లటి మచ్చలు పోకపోతే రేడియేటర్ విప్పి, రేడియేటర్ షాపులో ట్యాంకులు తెరిపించి ట్యూబుల్లో రాడ్డు పెట్టించి శుభ్రం చేయించాలి. తర్వాత డిస్టిల్డ్ నీళ్లలో కూలెంట్ కలిపి పోయండి.

థర్మోస్టాట్ తీసేస్తే చల్లగా ఉంటుందని మెకానిక్కులు తీసిపారేస్తారు. గిన్నెలో నీళ్లు కాచి అందులో వేసి చూడండి. తెరుచుకుంటే అది మంచిదే, తిరిగి పెట్టండి. అది లేకపోతే చలికాలం పొద్దున ఇంజిన్ వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఫ్యాన్ బెల్టు మధ్యలో నొక్కితే సెంటీమీటరుకు మించి దిగకూడదు. ఇవన్నీ సరిగ్గా ఉన్నా వేడెక్కితే, చల్లటి ఇంజిన్ మీద మూత తీసి స్టార్ట్ చేయండి. ఆగకుండా బుడగలు వస్తూ, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీలా ఉంటే హెడ్ గాస్కెట్ పోయింది.

బ్రేకు పెడల్ దిగిపోతుంది, లేదా బండి ఒకవైపు లాగుతుంది

నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఏళ్లు నిలబడితే బ్రేకు సిలిండర్లలోని రబ్బరు కప్పులు గట్టిపడతాయి, బ్రేకు ఆయిల్ తేమ పీల్చి సిలిండరును తుప్పు పట్టిస్తుంది. నొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా దిగుతూ ఎక్కడా కారడం లేకపోతే మాస్టర్ సిలిండర్ కప్పులు పోయాయి. స్పాంజిలా మెత్తగా ఉంటే గాలి. బ్రేకు వదిలినా ఒక చక్రం పట్టుకునే ఉండి డ్రమ్ము కాలుతుంటే, ఆ చక్రానికి వెళ్లే రబ్బరు హోసు లోపల ఉబ్బింది: కాలి ఒత్తిడికి ఆయిల్ వెళ్తుంది, తిరిగి రాదు. చాలామంది చక్రం సిలిండర్ మార్చి మార్చి విసిగిపోయేది ఇక్కడే. హోసు మార్చండి.

ఒక్క కప్పు మార్చి ఊరుకోవద్దు, అన్నీ ఒకేసారి వేయండి. సిలిండర్ లోపల గోరు తగిలే గుంటలుంటే దాన్నే మార్చాలి. కప్పులను పెట్రోలు, కిరోసిన్‌తో కడిగితే ఉబ్బిపోతాయి, కొత్త బ్రేకు ఆయిల్‌తోనే కడగండి. డాట్ 3 ఆయిల్ సీలు విప్పని డబ్బాది వాడండి.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. మాస్టరుకు అన్నిటికన్నా దూరం ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి. పెడల్ దగ్గరున్నవాడు "నొక్కినాన్నా" అన్నాకే చక్రం దగ్గర గాలి వదిలే నిప్పల్ విప్పాలి, కిందున్నవాడు "కట్టేసినా, ఇడుసు" అన్నాకే కాలు తీయాలి. ఈ మాటల వరుస తప్పితే పోయిన గాలి మళ్లీ లోపలికొస్తుంది.

లైట్లు మందంగా, ఒక్కోసారి అన్నీ పోతాయి

ఎలుకలు కొరికిన వైర్లు, తుప్పు పట్టిన ఎర్త్. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ నెగటివుకూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య మల్టీమీటర్ 0.5 వోల్టు కన్నా ఎక్కువ చూపిస్తే ఎర్త్ పట్టీని విప్పి రెండు వైపులా మెరిసేదాకా గీకి బిగించండి.

పెయింటు పొంగింది, నేల తుప్పు పట్టింది

మన గాలి పొడిది, కాబట్టి పైన తుప్పు తక్కువ. రబ్బరు మ్యాట్ల కింద, తలుపుల కింది సిల్లులలో దాక్కుంటుంది. అయస్కాంతం పట్టని చోట లప్పం నిండి ఉంది. ఈ బండికి వేరే చాసిస్ లేదు, బాడీయే బలం. సిల్లు కోసేముందు తలుపు చట్రంలో అడ్డంగా ఇనుప రాడ్డు వెల్డ్ చేయకపోతే తర్వాత తలుపు మూసుకోదు. ఖాళీ ట్యాంకు దగ్గర వెల్డింగ్ వద్దు, ముందే దించేయండి. లప్పం రెండు మూడు మి.మీ. దాటితే మన ఎండకు పగులుతుంది.

రంగు వేసే రోజు నేలమీద నీళ్లు చల్లి దుమ్ము అణచండి, పొద్దున ఎనిమిదిలోపు పని ముగించండి. ఎండాకాలం మామూలు థిన్నర్ గాలిలోనే ఆరిపోయి రంగు గరగరగా దిగుతుంది, నెమ్మదిగా ఆరే థిన్నర్ అడగండి. వానాకాలం గాలిలో తేమ ఉన్న రోజున తెల్లటి మసక పడుతుంది, ఆ రోజు గన్ను ముట్టొద్దు.

చాసిస్ నంబరు ఉన్న చోట గ్రైండర్ పెట్టొద్దు. 15 ఏళ్లు దాటిన బండికి ఆర్‌సీ రెన్యూవల్ ఐదేళ్లకోసారి చేయించాలి, ఆర్టీవో కార్యాలయంలో ముందు చూసేది ఆ అంకెలే. టేపు అంటించి రంగు వేసి, ఆరాక తీసి, అంకెలు స్పష్టంగా కనిపిస్తున్నాయో లేదో ఫొటో తీసి పెట్టుకోండి.